స్పెక్ షీట్‌లో గెలిచిన పంపు మా అమ్మ తలంటు ముందు ఓడిపోయింది

ఈ సైట్‌లో మనం రోజూ మాట్లాడుకునేది ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించి. ఈసారి వస్తువు కాస్త వేరు. కాలువ పడవలో స్నానం చేశాక షవర్ ట్రేలో మిగిలే నీళ్ళని బయటికి తోడే చిన్న పంపు. నవ్వొస్తే నవ్వండి, పర్లేదు. కానీ చివరిదాకా చదవండి. ఎందుకంటే గత పదేళ్లలో నేను కొన్న ఏ ఫోన్ కూడా నేర్పని పాఠం ఒకటి ఈ పంపు నాకు నేర్పింది. నేను దాన్ని రెండుసార్లు కొన్నాను. మొదటిసారి తప్పుగా ఎంచుకున్నాను. నా తప్పుకి మా అమ్మ తనని తాను తిట్టుకుంది. అసలు బాధ అదీ.

చెప్పదల్చుకున్నది ముందే చెప్పేస్తా. ఒక వస్తువు బాగున్న రోజున ఎంత బాగా పనిచేస్తుందో చూసి కొనకండి. పాడైన రోజున ఎలా పాడవుతుందో చూసి కొనండి. మనం రివ్యూల్లో అస్సలు అడగని ప్రశ్న ఇదే.

పడవలో పంపు ఎందుకు?

నేను ఉండేది ఇంగ్లండ్‌లో, మిల్టన్ కీన్స్ దగ్గర. లండన్ నుంచి బర్మింగ్‌హామ్ దాకా వెళ్ళే గ్రాండ్ యూనియన్ కాలువ ఈ ఊరి మీదుగానే పోతుంది. ఇక్కడి ఇంటి అద్దెలు చూసి చూసి విసిగిపోయి, దాచుకున్న డబ్బుతో ఒక సెకండ్ హ్యాండ్ నేరోబోట్ కొనుక్కున్నా. ఉక్కు పడవ. 57 అడుగుల పొడుగు, 6 అడుగుల 10 అంగుళాల వెడల్పు. అంటే మన ఆర్టీసీ బస్సు కన్నా పొడుగు, దానికన్నా సన్నం. ఇంత సన్నం ఎందుకంటే, ఇక్కడి పాత కాలువల్లో చాలా లాకులు దాదాపు 7 అడుగుల వెడల్పుకే కట్టారు. అంతకన్నా లావైన పడవ వాటిలో పట్టదు. నాకు సొంత రేవు లేదు కాబట్టి ఒకే చోట 14 రోజులకి మించి ఆగకుండా ముందుకి కదులుతూ ఉండాలి. వంటగది, మంచం, వైఫై, షవర్ అన్నీ ఆ సన్నటి డబ్బాలోనే.

ఇంట్లో అయితే బాత్రూమ్ నీళ్ళు వాటంతటవే పల్లానికి పోతాయి. పడవలో ఆ పల్లం ఉండదు. నేరోబోట్ అడుగు భాగం సుమారు 2 అడుగులు నీళ్ళలో మునిగి ఉంటుంది. లోపల మనం నిలబడే నేల, బయట కాలువ నీటి మట్టం కన్నా కిందే ఉంటుంది. వంటగది సింకు ఎత్తులో ఉంటుంది కాబట్టి దాని నీళ్ళు మామూలుగానే బయటికి పోతాయి. షవర్ ట్రే మాత్రం నేల మీద ఉంటుంది. అక్కడ కన్నం పెడితే మన నీళ్ళు బయటికి పోవు, కాలువే లోపలికి వస్తుంది. కాబట్టి ట్రేలోని నీళ్ళని పైకి లాగి, నీటి మట్టానికి కనీసం 25 సెంటీమీటర్ల పైన ఉండే కన్నం గుండా కాలువలోకి తోయాలి. మధ్యలో హోస్ తిరిగే వంపుతో కలిపి నా పడవలో ఆ ఎత్తు దాదాపు 1 మీటరు.

వీడియో కాల్‌లో ఇదంతా చెబితే అమ్మ ఒకటే అంది: "నీళ్ళ మీద ఉంటూ నీళ్ళు పోవట్లేదంటావేంట్రా?" ఆవిడది తెనాలి. కాలువల ఊరి మనిషి. ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు.

స్నానం నీళ్ళు కాలువలోకి వదలొచ్చా అని కొందరికి అనుమానం రావొచ్చు. 2012 నుంచి ఇక్కడి కాలువల్ని చూసుకుంటున్న కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ పరిధిలో సింకు, షవర్ నీళ్ళు వదలొచ్చు. టాయిలెట్‌ది మాత్రం చుక్క కూడా వదలకూడదు. సబ్బులు కూడా నీటికి హాని తక్కువ చేసేవి వాడమంటారు.

నా స్ప్రెడ్‌షీట్ ఎలా మోసపోయింది

పాత పంపు పోయింది. కొత్తది కొనాలి. నేను ఏం చేసి ఉంటానో మీకు తెలుసు. మీరైనా అదే చేస్తారు. ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి, స్పెక్స్ అన్నీ పక్కపక్కన పెట్టాను.

ఒకవైపు ఆటోమేటిక్ సంప్ బాక్స్. టిఫిన్ క్యారియర్ గిన్నె కన్నా కాస్త పెద్ద ప్లాస్టిక్ డబ్బా. ట్రే నుంచి నీళ్ళు ఇందులో పడతాయి. లోపల ఒక ఫ్లోట్ స్విచ్ ఉంటుంది. నీళ్ళు పెరిగితే అది పైకి తేలి పంపుని ఆన్ చేస్తుంది, తగ్గితే ఆపేస్తుంది. జుట్టు ఆపడానికి చిన్న జల్లెడ, పైన మూత. గంటకి 800 గ్యాలన్లు అని డబ్బా మీద పెద్ద అక్షరాలు.

రెండోవైపు డయాఫ్రమ్ పంపు. రబ్బరు పొర ముందుకీ వెనక్కీ కదులుతూ గుటకలు వేసినట్టు నీళ్ళని లాగుతుంది. స్విచ్ మనమే వేయాలి, మనమే ఆపాలి. నిమిషానికి 14 లీటర్లు. అంతే. ఆటోమేటిక్ లేదు, మూత లేదు, ఏమీ లేదు. ధర మాత్రం ఎక్కువ.

గంటకి 800 గ్యాలన్లంటే నిమిషానికి సుమారు 50 లీటర్లు. 50 ఎక్కడ, 14 ఎక్కడ! ఫ్లాగ్‌షిప్ పక్కన ఎంట్రీ లెవెల్ ఫోన్ పెట్టినట్టుంది. పైగా ధర తక్కువ, ఆటోమేటిక్. ఇంకేం ఆలోచిస్తాం? బాక్స్ ఆర్డర్ పెట్టేశా.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ ఒక్క అంకెలోనే మూడు ఉచ్చులున్నాయి.

మొదటిది, గ్యాలన్. అమెరికన్ గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు. ఇలాంటి పంపుల మీద మామూలుగా ఉండేది అమెరికన్ లెక్క. బ్రిటన్‌లో కూర్చుని బ్రిటిష్ గ్యాలన్ అనుకుంటే 20 శాతం ఎక్కువ ఊహించుకుంటాం.

రెండోది, ఎత్తు. బాక్స్‌లో ఉండేది సెంట్రిఫ్యూగల్ పంపు, అంటే చిన్న ఫ్యాన్ లాంటి ఇంపెల్లర్ తిరిగి నీళ్ళని విసిరేది. డబ్బా మీద అంకె నీళ్ళని ఏమాత్రం పైకి ఎత్తనక్కర్లేనప్పటిది. ఎత్తు పెరిగేకొద్దీ, సన్నటి హోస్ వంపులు తిరిగేకొద్దీ ఇలాంటి పంపు ప్రవాహం గట్టిగా పడిపోతుంది. ఫోన్ డబ్బా మీద 120 వాట్స్ అని ఉండి, అసలు ఛార్జింగ్‌లో ఆ అంకె కాసేపే కనిపించినట్టన్నమాట.

మూడోది అన్నిటికన్నా సిగ్గుపడాల్సింది. అసలు నాకు ఎంత కావాలో నేను కొలవనే లేదు. తర్వాత కొలిచా. 10 లీటర్ల బకెట్ షవర్ కింద పెట్టి ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేస్తే నిండడానికి 80 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి 7.5 లీటర్లు. పడవలో మంచినీళ్ళు ట్యాంకులో ఉన్నంతే కాబట్టి షవర్ ఎప్పుడూ పొదుపుగానే వస్తుంది. నిమిషానికి 7.5 లీటర్లు వచ్చే చోట 50 లీటర్లు తోడే పంపు ఎందుకు? 14 లీటర్లదే ఎక్కువ. ఈ పరీక్షకి కావాల్సింది ఒక బకెట్, రెండు నిమిషాలు. నేను స్ప్రెడ్‌షీట్ మీద రెండు సాయంత్రాలు పెట్టాను, బకెట్ మీద రెండు నిమిషాలు పెట్టలేదు.

అమ్మ వచ్చింది

బాక్స్ బిగించిన మొదటి మూడు నెలలు ఏ గొడవా లేదు. షవర్ కింద నిలబడితే చాలు, నీళ్ళు వాటంతటవే పోయేవి. స్విచ్ గురించి ఆలోచనే లేదు. నా రివ్యూ అప్పుడే రాసి ఉంటే 5కి 4.5 ఇచ్చేవాణ్ణి. కొన్న వారానికే రివ్యూ రాసేవాళ్ళందరూ దీన్ని కాస్త గుర్తుపెట్టుకోవాలి. నాతో సహా.

పోయిన ఏడాది ఎండాకాలంలో అమ్మ రెండు నెలలు ఉండడానికి వచ్చింది. సూట్‌కేస్‌లో పచ్చళ్ళు, కొబ్బరి నూనె, సున్నిపిండి, కుంకుడుకాయల పొడి. శనివారం తలంటు తప్పదు. ఆవిడ జుట్టు ఇప్పటికీ నడుము దాకా ఉంటుంది.

ఇంజనీరింగ్ భాషలో చెప్పాలంటే ఇది ఆ బాక్స్‌కి స్ట్రెస్ టెస్ట్. నూనె, పిండి కలిస్తే జిగురు ముద్ద అవుతుంది. కుంకుడు పొడి దానికి ఇసుకలా తోడవుతుంది. పొడుగు జుట్టు ఆ ముద్దని తాడులా అల్లుతుంది. జల్లెడ సగం మూసుకుపోయింది. అంతకన్నా ఘోరం, ఫ్లోట్ కీలు దగ్గర ఆ జిడ్డు పట్టేసి అది లేవడం మానేసింది. ఫ్లోట్ లేవకపోతే పంపు ఆన్ అవ్వదు. పంపు ఆన్ అవ్వకపోతే డబ్బా నిండుతుంది.

ఇక్కడే అసలు విషయం ఉంది, జాగ్రత్తగా చదవండి. బాక్స్ ట్రే కన్నా కింద ఉంటుంది, లేకపోతే నీళ్ళు దాంట్లోకి రావు. కాబట్టి డబ్బా నిండినా ట్రేలో నీళ్ళు నిలవలేదు. డబ్బా మూత సందుల్లోంచి నెమ్మదిగా కారిపోయాయి. పైన నిలబడి స్నానం చేసే మనిషికి అంతా మామూలుగానే ఉంది. నీళ్ళు పోతున్నాయి కదా! పోతున్నాయి, కానీ కాలువలోకి కాదు, మా నేల కిందికి.

మూడు వారాలకి తడి వాసన మొదలైంది. నేరోబోట్ సాధారణంగా వెనకవైపు కాస్త దిగి ఉంటుంది కాబట్టి నేల కింద చేరిన నీళ్ళు వెనక్కి జారతాయి. అక్కడ చెక్క పలక ఎత్తి చూసుకునే చోటు ఒకటుంటుంది. ఎత్తాను. టార్చ్ వేశాను. నీళ్ళు మెరిశాయి. మగ్గుతో, స్పాంజితో ఆ సాయంత్రం నాలుగు బకెట్ల పైనే తోడాను. పడవ నిలకడ కోసం నేల కింద పేర్చిన రాతి పలకలు తడిసిపోయాయి. ప్లైవుడ్ అంచులు ఉబ్బాయి. అడుగున ఉన్నది 10 మిల్లీమీటర్ల ఉక్కు రేకు. బయటి తుప్పుకి రంగు వేస్తాం. లోపలినుంచి తినే తుప్పు మన కంటికి కనపడదు. ఆ పడవ నా ఇల్లు. నా దగ్గరున్న డబ్బంతా దాంట్లోనే ఉంది.

అమ్మ డబ్బా మూత తీసి చూసింది. జుట్టు చుట్ట బయటికి తీసి చేతిలో పట్టుకుని, "నా జుట్టు వల్లే కదరా ఇదంతా?" అంది.

"కాదమ్మా, నీదేం తప్పు లేదు" అన్నా.

వినలేదు. ఆ మర్నాటి నుంచి జుట్టు ముడి వేసుకుని, చిన్న బకెట్‌లో నీళ్ళు పెట్టుకుని, ఒళ్ళు తడిగుడ్డతో తుడుచుకోవడం మొదలెట్టింది. "ఇక్కడున్నన్నాళ్ళు తలంటుకోనులే నాన్నా, ఊరెళ్ళాక చూసుకుంటా" అంది. కొడుకు ఇంటికి అంత దూరం నుంచి వచ్చిన మనిషి, ఒక ప్లాస్టిక్ డబ్బాకి భయపడి స్నానం మానేసింది.

నిజాయితీగా చెప్పాలి. జల్లెడని తరచూ కడగాలని మాన్యువల్‌లో ఉంది. నేను చదవలేదు. ఆ తప్పు నాది. కానీ ఏ వస్తువైనా నిశ్శబ్దంగా పాడైతే దాని నింద వాడే మనిషి మీద పడుతుంది. స్టోరేజీ నిండి ఫోన్ స్లో అయితే "నాకు వాడటం రాదులే" అని మన పెద్దవాళ్ళు అనుకోరూ? అదే ఇది.

మూడు రకాలు, మూడు చావులు

ఈ దెబ్బ తిన్నాక పంపులన్నిటినీ ఒకే ప్రశ్నతో చూశాను: ఇది ఎలా పాడవుతుంది?

ఫ్లోట్ బాక్స్: కనపడకుండా పాడవుతుంది. దాని పంపు తనంతట తాను నీళ్ళని లాక్కోలేదు, నీళ్ళలో మునిగి ఉండాలి. అందుకే ట్రే కన్నా కింద పెట్టాలి. నేరోబోట్‌లో నేలకీ అడుగు రేకుకీ మధ్య ఖాళీ చాలా తక్కువ, కాబట్టి దాన్ని చేయి దూరని చోట ఇరికిస్తారు. ఇంకో చిక్కు కూడా ఉంది. పంపు ఆగగానే పైకెళ్ళే హోస్‌లో మిగిలిన నీళ్ళు మళ్ళీ డబ్బాలోకి జారతాయి. ఫ్లోట్ లేచి పంపు మళ్ళీ ఆన్ అవుతుంది. మళ్ళీ జారతాయి. అర్ధరాత్రి దాకా ఇదే ఆట.

రబ్బరు రెక్కల ఇంపెల్లర్ పంపు: వెంటనే పాడవుతుంది. ఇది నీళ్ళని బాగానే లాక్కుంటుంది. కానీ దాని రెక్కలకి ఆ నీళ్ళే తడి. నీళ్ళు లేకుండా తిరిగితే రబ్బరు వేడెక్కి చిరిగిపోతుంది. షవర్ ట్రేలో చివరికి వచ్చేది గాలే కదా. కాబట్టి ఈ పనికి ఇది సరిపోదు. మంచినీళ్ళకి వాడే చిన్న వాల్వుల పంపుని ఇటు తిప్పుదామని కూడా కొందరికి ఆలోచన వస్తుంది. ముందు ఫిల్టర్ లేకపోతే వాటి సన్నటి వాల్వుల్లో ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా చాలు, పట్టు పోతుంది. ఫిల్టర్ పెడితే మళ్ళీ దాన్ని కడుగుతూ ఉండాలి.

పెద్ద వాల్వుల సింగిల్ డయాఫ్రమ్ పంపు: కనపడేలా పాడవుతుంది. ఇక్కడి పడవల్లో బాగా కనిపించేది వేల్ కంపెనీ గల్పర్ 220. ఆ కంపెనీ ఉత్తర ఐర్లండ్‌లోని బ్యాంగర్‌లో ఉంది. లోపల బాతు ముక్కులాంటి రబ్బరు వాల్వులు ఉంటాయి. జుట్టు, పిండి లాంటివి వాటి మధ్య నుంచి దాటిపోతాయి, విడిగా ఫిల్టర్ అక్కర్లేదు. నీళ్ళు లేకుండా కాసేపు తిరిగినా ఏమీ కాదు. తనే నీళ్ళని లాక్కుంటుంది కాబట్టి ట్రే కింద పెట్టనక్కర్లేదు. నేను మంచం కింద సొరుగు వెనక పెట్టాను, చేయి చాపితే అందుతుంది. ఇది ఎప్పటికీ పాడవదని కాదు. ఏదో ఒకరోజు వాల్వులో చెత్త ఇరుక్కుంటుంది, రబ్బరు పొర అరుగుతుంది. కానీ ఆ రోజు ఏమవుతుంది? నీళ్ళు ట్రేలోనే నిలుస్తాయి. పాదాలు మునుగుతాయి. షవర్ ఆపేస్తాం. నష్టం సున్నా.

తేడా అంతా ఇక్కడే. లోపం కాళ్ళ దగ్గర కనిపించాలి, కాళ్ళ కింద దాక్కోకూడదు.

2016లో వచ్చిన గెలాక్సీ నోట్ 7 గుర్తుందా? దాని ప్రాసెసర్ ఏది, కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అని అడిగితే మనలో ఎంతమంది చెప్పగలం? బ్యాటరీ మంటలు, ఫోన్లన్నీ వెనక్కి తీసుకోవడం మాత్రం అందరికీ గుర్తే. వస్తువు చివరికి మనకి గుర్తుండిపోయేది అది పాడైన తీరుతోనే.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు

"2020లు దాటుతుంటే స్విచ్ చేత్తో వేసుకోమంటావా?" అవును, వేసుకోమంటా. కానీ మీ మాటలో న్యాయం ఉంది. పెద్దవాళ్ళు, పిల్లలు, చుట్టాలు స్విచ్ మర్చిపోతారు. వేయడం మర్చిపోతే పెద్ద నష్టం లేదు, ట్రేలో నీళ్ళు చూసి వాళ్ళే వేస్తారు. ఆపడం మర్చిపోతేనే ఇబ్బంది. పంపు గంటల తరబడి ఊరికే తిరుగుతుంది. దానికి నేను ఒక చిన్న 12 వోల్టుల టైమర్ రిలే పెట్టాను. బటన్ నొక్కితే 10 నిమిషాలు తిరిగి ఆగిపోతుంది. టైమర్ పోతే పక్కనే మామూలు స్విచ్ ఉంది. ఆటోమేషన్‌కి నేను వ్యతిరేకం కాదు. అది చెడిపోయినా పని ఆగకూడదు, నష్టం దాచకూడదు. అంతే నా షరతు. ఫ్లోట్ బదులు ఎలక్ట్రానిక్ సెన్సర్ ఉన్న మోడళ్ళు కూడా దొరుకుతాయి. జిడ్డుకి ఇరుక్కునే కీలు ఉండదు కాబట్టి అవి మెరుగే. కానీ సెన్సర్ పోయిన రోజున చేత్తో ఆన్ చేసే దారి ఉందా లేదా చూసుకునే కొనండి.

"చప్పుడు?" ఇది ఒప్పుకోవాల్సిందే. డయాఫ్రమ్ పంపు డబ్ డబ్ డబ్ మంటుంది. ఉక్కు పడవ కాబట్టి ఆ చప్పుడు డప్పులా మోగుతుంది. కింద మందపాటి రబ్బరు ముక్కలు వేసి, పంపుకి రెండువైపులా మెత్తటి హోస్ పెట్టాక సగానికి సగం తగ్గింది. సగం మిగిలే ఉంది. పొద్దున్నే 5 గంటలకి స్నానం చేసేవాళ్ళు, పక్కగదిలో పడుకున్నవాళ్ళని అడిగి కొనండి.

"ధర?" పంపు ధరలో తేడా నిజమే. కానీ నేల కింద ఆరబెట్టడానికి డీహ్యూమిడిఫైయర్ నెల రోజులు తిప్పాను. ఆ కరెంటు, ఆ ప్లైవుడ్, పోయిన ఆ వారాంతాలు లెక్కేస్తే నేను చౌకగా కొన్నది ఏమీ లేదు.

"మరి బాక్స్ ఎవరూ కొనకూడదా?" అలా అనను. బాక్స్ మూత కళ్ళెదురుగా ఉండి, చేయి సులువుగా వెళ్ళి, వారానికోసారి జల్లెడ కడిగే మనిషికి అది బాగానే పనిచేస్తుంది. నిశ్శబ్దంగా ఉంటుంది కూడా. నేను అలాంటి మనిషిని కాదు. మనలో చాలామంది కాదు. ఫోన్ ఛార్జింగ్ పోర్టులో దుమ్ము ఆఖరిసారి ఎప్పుడు తీశారో గుర్తుంటే చెప్పండి.

వైరు మర్చిపోకండి

పంపు ఎంచుకోవడంతో పని అయిపోదు. 12 వోల్టుల దగ్గర వైరు మందం చాలా తేడా చేస్తుంది. సన్నటి చౌక కేబుల్‌తో ఫాస్ట్ ఛార్జింగ్ రాదని మనకి తెలుసు. ఇదీ అంతే. నా బ్యాటరీలు వెనక ఉన్నాయి, పంపు మధ్యలో. వెళ్ళడానికి 8 మీటర్లు, రావడానికి 8, మొత్తం 16 మీటర్ల రాగి వైరు. పంపు 4 ఆంపియర్లు లాగుతుందనుకుంటే, 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో 0.75 వోల్టు దాకా దారిలోనే పోతుంది. అంటే 6 శాతం పైనే. అదే 4 చదరపు మిల్లీమీటర్లదైతే 0.3 వోల్టు లోపే. బ్యాటరీ తగ్గి ఉన్న చలికాలం సాయంత్రం ఈ తేడా పంపు గుటకల వేగంలోనే వినిపిస్తుంది. ఫ్యూజ్ కంపెనీ చెప్పినదే వేయండి. ఇంట్లో దొరికిన పెద్ద ఫ్యూజ్ వేయకండి.

కరెంటు ఖర్చు గురించి మాత్రం భయపడకండి. 12 వోల్టులు, 3 ఆంపియర్లు, 8 నిమిషాలు లెక్కేస్తే 5 వాట్ అవర్లు కూడా కాదు. 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో ఉండేది సుమారు 19 వాట్ అవర్లు. అంటే నాలుగు స్నానాలు ఒక ఫోన్ ఛార్జింగ్‌తో సమానం.

కొనేముందు ఐదు ప్రశ్నలు

1. మీ షవర్ నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుంది? బకెట్‌తో కొలవండి. మీ ఎత్తు దగ్గర పంపు ఇచ్చే ప్రవాహం దానికి ఒకటిన్నర రెట్లు ఉంటే చాలు. నా కొత్త పంపు ట్రేలో పోసిన 10 లీటర్లని 50 సెకన్లలో ఖాళీ చేసింది. నాకు అంతే కావాలి.

2. నీళ్ళు లేకుండా తిరిగితే ఏమవుతుంది? "ఏమీ కాదు" అన్నదే కొనండి.

3. జుట్టు ఎక్కడ ఆగుతుంది? ఏదో ఒక చోట ఆగుతుంది. ఆ చోటు మీ కంటికి, చేతికి అందాలి. పంపు ఏదైనా సరే, ట్రే కన్నం మీద ఒక చిన్న జాలీ పెట్టండి.

4. స్పేర్ పార్టులు దొరుకుతాయా? వాల్వులు, రబ్బరు పొర విడిగా కొని నాలుగు స్క్రూలు విప్పి మార్చుకునేలా ఉండాలి. స్మార్ట్‌ఫోన్లకి స్పేర్ పార్టులు ఏళ్ల తరబడి అందుబాటులో ఉంచాలని యూరోపియన్ యూనియన్ 2025 జూన్ నుంచి నిబంధన అమలు చేస్తోంది. ఫోన్‌కి అడిగే హక్కు పంపుకీ అడగండి.

5. పాడైన రోజున నీళ్ళు ఎక్కడ చేరతాయి? ఈ ఒక్కదానికి జవాబు నచ్చకపోతే, మిగతా నాలుగూ ఎంత బాగున్నా వదిలేయండి.

చివరిగా

డయాఫ్రమ్ పంపు బిగించిన శనివారం అమ్మని పిలిచి, "తలంటుకో అమ్మా, చూద్దాం" అన్నా. ముందు ఒప్పుకోలేదు. "మళ్ళీ ఏదైనా అయితే?" అంది. "అయితే నీ కాళ్ళ దగ్గర నీళ్ళు నిలుస్తాయి. నన్ను పిలువు. అంతకన్నా ఏమీ కాదు" అన్నా. ఆ మాట ఆవిడకి అర్థమైంది. ఇన్ని ఫీచర్లు చెప్పినప్పుడు రాని ధైర్యం ఆ ఒక్క మాటతో వచ్చింది.

నూనె, సున్నిపిండి, కుంకుడు పొడి అన్నీ వాడింది. పంపు డబ్ డబ్ మంటూ తోడేసింది. ట్రే ఖాళీ అయ్యాక గాలి లాగుతూ గరగరలాడింది. ఆవిడే తలుపు సందులోంచి చేయి పెట్టి స్విచ్ ఆపింది.

"ఇది బాగుందిరా. చప్పుడు చేస్తోంది కానీ, పని చేస్తున్నట్టు తెలుస్తోంది" అంది.

నా రివ్యూ కూడా అదే. వచ్చేసారి ఏ ఫోన్ కొంటున్నా, ఏ పంపు కొంటున్నా, స్కోర్లు చూసే ముందు ఒక్క నిమిషం ఆగి అడగండి: ఇది పాడైన రోజున నాకు తెలుస్తుందా?